తియాన్ అంటే ఏది? మట్టి మూకుడు నుంచి చైనా ఆకాశం దాకా

విశాఖ బీచ్ రోడ్డులోని పెద్ద హోటళ్ల బఫేల్లో, కాంటినెంటల్ వంటకాల వరసలో అప్పుడప్పుడు ఒక పళ్లెం కనిపిస్తుంది. వంకాయ, టమాటా, జుకినీ పల్చటి చక్రాలుగా తరిగి, ఒకదాని మీద ఒకటి వాల్చి పేర్చి, ఆలివ్ నూనె పోసి ఓవెన్‌లో కాల్చిన కూర. ముందు నిలబెట్టిన చీటీ మీద ‘వెజిటబుల్ తియాన్’ అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. అంగారకుడి మీద దిగిన చైనా నౌక పేరు తియాన్‌వెన్. బీజింగ్ వార్త వచ్చినప్పుడల్లా టీవీలో చూపించే ఎర్ర కోట ద్వారం తియానన్‌మెన్. ఇవి చాలవన్నట్టు వాట్సాప్‌లో ఓ మెసేజ్ ఏళ్లుగా తిరుగుతోంది. చైనావాళ్లు పూర్వం మన దేశాన్ని ‘తియాన్‌జు’ అనేవారట, తియాన్ అంటే స్వర్గమట, కాబట్టి వాళ్ల లెక్కలో మనది స్వర్గభూమట.

వీటిలో కొన్ని చుట్టాలు, కొన్ని బొత్తిగా పరాయివి. ఇంకొన్ని చుట్టాల్లా వేషం కట్టుకుని వచ్చినవి. ఏది ఏమిటో తేల్చాలంటే ముందు ఇంగ్లిషు అక్షరాలను పక్కన పెట్టాలి. చిక్కు సగం అక్కడే ఉంది.

ఫ్రెంచి వంటకం పేరును ఫ్రెంచివాళ్లు పలికినట్టు రాస్తే ‘త్యాఁ’. చివర ముక్కుతో పలికే ధ్వని తప్ప నకారం లేదు. చైనా మాటను మాండరిన్ పలుకుబడిలో రాస్తే ‘థ్యెన్’. మొదటిది ఒత్తు థ, పైగా స్వరాన్ని ఎత్తి, దించకుండా నిలిపి పలకాలి. రోమన్ లిపిలో ఒత్తులు లేవు, అరసున్నా లేదు. అందుకే రెండూ ఒకే స్పెల్లింగులో ఇరుక్కున్నాయి. తెలుగు లిపిలో రాయగానే దేని దారి దానిది. ఈ ఒక్క విషయంలో మన ఒత్తులు ఇంగ్లిషు అక్షరాలకన్నా నిజాయితీగా పనిచేస్తాయి. ఇక్కడి నుంచి వంటకాన్ని త్యాఁ అని, చైనా మాటను థ్యెన్ అని రాస్తాను.

ముందు త్యాఁ సంగతి. ఫ్రాన్సు ఆగ్నేయాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం ప్రొవాన్స్. అక్కడి పాత భాషలో త్యాఁ అంటే కూర కాదు, పాత్ర. అడుగు ఇరుగ్గా, నోరు వెడల్పుగా, లోపల నున్నటి మెరుపు పూతతో ఉండే మట్టి మూకుడు. అందులో కాల్చిన వంటకానికి తర్వాత ఆ పేరే అంటుకుంది. పాత్ర పేరు వంటకానికి రావడం మనకేమీ కొత్త కాదు. హైవే పొడుగునా కుండ బిర్యానీ బోర్డులే. అరకు దారిలో బొంగులో చికెన్ అడగని పర్యాటకుడు ఉండడు. అయితే మనం కుండ పక్కన బిర్యానీ, బొంగు పక్కన చికెన్ ఉంచుకున్నాం. ప్రొవాన్స్‌వాళ్లు కూర పేరు వదిలేసి మూకుడు పేరు మిగుల్చుకున్నారు. స్పెయిన్‌లో పయేయా కథ కూడా ఇదే. అదీ మొదట పెనం పేరే.

బఫేలో కనిపించే రంగురంగుల చక్రాల వరస ఈ మధ్య ఫొటోల కోసం ముదిరిన సోకు. పల్లెల్లో చేసే త్యాఁ చాలా మోటు వంట. పాలకూర లాంటి ఆకుకూరలో, గుమ్మడి ముక్కలో ముతగ్గా తరిగి, గుప్పెడు బియ్యం, గుడ్లు, కాస్త చీజ్ కలిపి మూకుడులో కుక్కి, పైన రొట్టె పొడి చల్లి కాల్చేవారు. నా మాట అడిగితే ఆ మోటుదే మనకు బాగా కుదురుతుంది. మన హైబ్రిడ్ టమాటాలతో, ఈ ఊరి తేమలో, చక్రాల త్యాఁ చేస్తే అడుగున నీళ్లు ఊరి కూర చప్పగా తేలుతుంది. తప్పదనుకుంటే ముక్కలకు ముందే ఉప్పు పట్టించి, ఊరిన నీరు పిండి పేర్చాలి. జుకినీ ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లు లేత ఆనపకాయ వాడుకోవచ్చు. బీరకాయ మాత్రం వద్దు, ముద్దయిపోతుంది.

ఈ త్యాఁ ఎక్కడి నుంచి వచ్చింది? భాషావేత్తలు దీన్ని పాత గ్రీకు మాట ‘తేగనాన్’ దగ్గరికి తీసుకెళతారు. అంటే వేపుడు పెనం. నేటి గ్రీకు ఇళ్లలోనూ పెనాన్ని ‘తిగాని’ అనే అంటారు. మధ్యధరా సముద్రం చుట్టూ వర్తకులతో పాటు పెనాలూ, పెనాల పేర్లూ తిరిగాయి. ఆ గ్రీకు మాటే అరబ్బులో ‘తాజిన్’ అయింది. మొరాకోలో శంకువు ఆకారపు మూత ఉన్న మట్టిపాత్రకీ, అందులో ఉడికే మాంసం కూరకీ ఉన్న తాజీన్ అనే పేరు అదే. కాబట్టి త్యాఁకు అసలు చుట్టం మొరాకోలో ఉంది. బీజింగ్‌లో ఎవరూ లేరు.

ఇక థ్యెన్. ఇది చాలా పెద్ద ఇల్లు, నిదానంగా తిరగాలి.

చైనాలో దొరికిన అతి పాత రాతలు తాబేలు చిప్పల మీద, ఎద్దుల భుజం ఎముకల మీద చెక్కినవి. మూడువేల ఏళ్లకు పైబడినవి. వాటిలో ఈ మాటకు గుర్తు నిలబడ్డ మనిషి బొమ్మ, తల మాత్రం పెద్దది. నేటి అక్షరంలో ఆ తల ఒక అడ్డగీతగా మారిపోయింది. ఆ ఎముకల మీద ప్రశ్నలు చెక్కించిన షాంగ్ వంశపు రాజులు మొక్కిన పెద్ద దేవుడు థ్యెన్ కాదు. ఆ దేవుడి పేరు ‘ది’, లేదా ‘షాంగ్‌ది’, అంటే పైనున్న ప్రభువు. క్రీ.పూ. 1046 ప్రాంతంలో పడమటి నుంచి వచ్చిన జౌ వంశం షాంగ్ రాజును కూలదోసింది. గెలిచినవాళ్లకు ఓ ఇబ్బంది ఉంటుంది. మేం తిరుగుబాటుదారులం కాదు, హక్కుదారులం అని జనానికి చెప్పుకోవాలి. జౌ పాలకులు చెప్పింది ఇదీ: రాజ్యం చేసే అధికారం ఇచ్చేది థ్యెన్. రాజు దారి తప్పితే అదే వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తుంది. షాంగ్‌కి ఇచ్చింది, వాళ్లు చెడ్డారు, మాకు ఇచ్చింది. దీన్నే థ్యెన్‌మింగ్ అంటారు, పైవాడి ఆజ్ఞ అనుకోవచ్చు.

ఆ రోజుకి ఇది గెలిచినవాడి వాదమే. కానీ ఇలాంటి వాదం వాడినవాడి మెడకీ చుట్టుకుంటుంది. వరదలు, భూకంపాలు, కరువులు వచ్చినప్పుడల్లా ‘ఆజ్ఞ పోయింది’ అని జనం గుసగుసలాడుకునే వీలు దొరికింది. క్రీ.పూ. 4వ శతాబ్దపు తత్వవేత్త మెన్షియస్ ఇంకో అడుగు వేసి, పాత గ్రంథంలోని మాటను గుర్తు చేశాడు: థ్యెన్ చూసేది జనం కళ్లతోనే, వినేది జనం చెవులతోనే. రాజు థ్యెన్‌కి కొడుకు అనే బిరుదు పెట్టుకున్నాడు సరే, కానీ తండ్రి కళ్లూ చెవులూ ఊళ్లో జనం దగ్గర ఉన్నాయి.

ఇంగ్లిషు పుస్తకాలు చూసి మనం థ్యెన్‌ని స్వర్గం అనేస్తాం. అది సరిగ్గా అతకదు. మనకు స్వర్గం పుణ్యం చేసుకున్నవాళ్లు వెళ్లే చోటు, అమృతం, అప్సరసలు. తొలినాటి చైనాలో థ్యెన్ ఎవరూ వెళ్లే చోటు కాదు. పైనుంచి చూసేది, లెక్క కట్టేది. ‘పైవాడు చూస్తున్నాడు’ అని మనింట్లో పెద్దవాళ్లు అంటారే, ఆ పైవాడు దీనికి దగ్గర.

అయితే చైనాలో అందరూ పైవాడిని నమ్మారనుకుంటే పొరపాటు. క్రీ.పూ. 3వ శతాబ్దపు షున్‌జ అనే ఆలోచనాపరుడు, థ్యెన్ అంటే ప్రకృతి నడక, అంతే, దానికి మంచి రాజూ చెడ్డ రాజూ తేడా లేదు అన్నాడు. వానకోసం పూజ చేస్తే వాన పడింది, ఎందుకు అని తనే ప్రశ్న వేసి, ఎందుకూ లేదు, పూజ చేయకపోయినా పడేదే అని తనే జవాబు చెప్పాడు. వానలు మొహం చాటేసిన ఏడాది కప్పకు పెళ్లి చేసే మన పల్లెల్లో ఆయన ఈ మాట అని ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. కానీ ఆయన పూజలు మానమనలేదు. అవి మనుషుల మర్యాద కోసం, అందం కోసం చేసుకునేవి, దేవుణ్ణి కదిలించడానికి కాదు అన్నాడు. నాకు ఈ రెండో ముక్క మొదటిదానికన్నా తెలివైనదిగా తోస్తుంది.

పైన ఉన్నది ఏ ఆకారంలో ఉంది అన్న దాని మీద చైనా ఖగోళవేత్తలు వందల ఏళ్లు కొట్లాడుకున్నారు. నీడకర్రతో సూర్యుణ్ణి కొలిచే లెక్కలున్న ఓ పాత గణిత గ్రంథం, ఆకాశం తలమీది వాన టోపీలా, భూమి బోర్లించిన పళ్లెంలా ఉంటుందని చెప్పింది. మన పల్లెల్లో నాట్లవేళ పెట్టుకునే తాటాకు గిడుగు తెలిసినవాళ్లకు ఆ టోపీ వెంటనే అర్థమవుతుంది. తర్వాత వచ్చిన పక్షం ఆకాశం గుడ్డు, భూమి లోపలి సొన అంది. దీన్ని వివరించిన పేర్లలో పెద్దది జాంగ్ హెంగ్, క్రీ.శ. 78లో పుట్టి 139లో పోయినవాడు. నక్షత్రాల గోళాన్ని నీటితో తిప్పే యంత్రం చేశాడు, భూకంపం దిక్కు పసిగట్టే పరికరం చేశాడు. మన బ్రహ్మాండం కూడా మాట ప్రకారం బ్రహ్మ గుడ్డే. ఇప్పుడు సినిమా బాగుంటే ‘బ్రహ్మాండం’ అంటున్నాం గానీ, అదీ ఒకనాటి ఖగోళ సిద్ధాంతమే. మూడో పక్షం కూడా ఉంది. ఆకాశానికి ఆకారమే లేదు, అంతులేని ఖాళీ, అందులో సూర్యచంద్రులు తేలుతున్నారు అంది. మూడింట్లో నేటి శాస్త్రానికి దగ్గర అదే, కానీ క్యాలెండర్ లెక్కకి పనికిరాదని అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పంచాంగానికి అక్కరకొచ్చిన సిద్ధాంతమే నిలుస్తుంది.

ఈ నమ్మకాలన్నీ కలిసి కట్టడంగా మారిన చోటు బీజింగ్‌లోని థ్యెన్ ఆలయం, మొదట 1420లో కట్టారు. గుండ్రటి బలిపీఠం, గుండ్రటి మందిరం, నీలి పెంకులు. ఆకాశం గుండ్రం, భూమి చతురస్రం అన్న లెక్క ప్రకారం ఆవరణ గోడ ఉత్తరాన వంపు తిరిగి, దక్షిణాన నలుపలకగా ఉంటుంది. చక్రవర్తి ఏటా శీతాకాలపు అయనం రోజున వచ్చి మొక్కేవాడు. పంటల కోసం ప్రార్థించే పెద్ద మందిరం మీద 1889లో పిడుగు పడి తగలబడింది. మళ్లీ కట్టారు, ఇప్పుడు ఫొటోల్లో చూసేది అదే. పైవాడి గుడి మీద పైవాడి పిడుగే పడితే దానికి అర్థం ఏమిటని ఆనాటి ఆస్థానంలో ఎంత టెన్షన్ పడి ఉంటారో.

ఇంత బరువున్న మాటే చైనావాళ్ల నోట రోజుకి వందసార్లు తేలిగ్గా దొర్లుతుంది. ఈరోజు అనడానికి జిన్‌థ్యెన్, రేపు అనడానికి మింగ్‌థ్యెన్. వసంత రుతువు చున్‌థ్యెన్, వాతావరణం థ్యెన్‌చీ. కబుర్లు చెప్పుకోవడంలోనూ ఈ మాట ఉంది. వాళ్ల అంతరిక్ష కార్యక్రమం నిండా అదే. స్పేస్ స్టేషన్ థ్యెన్‌గోంగ్, ఆకాశంలోని రాజభవనం. 2021 ఏప్రిల్‌లో పంపిన దాని ప్రధాన భాగం థ్యెన్‌హ, ఆకాశపు సామరస్యం. శబ్దం అదే, రెండో అక్షరం వేరైన ఇంకో థ్యెన్‌హ అంటే ఆకాశ నది, చైనా భాషలో పాలపుంతకు పాత పేర్లలో ఒకటి, అచ్చంగా మన ఆకాశగంగ. 2021 మేలో అంగారకుడి మీద దిగిన నౌక పేరుకు ఆకాశానికి వేసిన ప్రశ్నలు అని అర్థం. రెండువేల ఏళ్లకు పైబడిన ఓ కవితకు పెట్టిన పేరు అది.

ఒకే మాటలో ఆకాశం, రోజు, దేవుడు మూడూ ఉన్నాయి, గమనించారా? సంస్కృతంలో వెలుగు అనే అర్థమున్న ఒక ధాతువు చుట్టూ ఇవే మూడు పుట్టాయి. ద్యౌః అంటే ఆకాశం, మనం దివి అనేదీ దానిదే. దివసం అంటే రోజు. దేవుడు అంటే దేవుడే. లాటిన్‌లోనూ దేవుడికి దెయుస్, రోజుకి దియెస్. సంస్కృతం, లాటిన్ ఒక కుటుంబం కాబట్టి వాటి మధ్య పోలిక రక్తసంబంధం. చైనా భాష ఆ కుటుంబంలోది కాదు. అక్కడ మాట పూర్తిగా వేరు, కానీ మనిషి తలెత్తి చూస్తే తోచిన వరస మాత్రం అదే. పైన వెలుగు, ఆ వెలుగుతో రోజు, ఆ వెలుగు వెనక ఎవరో.

అందుకే బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చిన అనువాదకులకు ‘దేవ’ దగ్గర పెద్దగా తడబాటు రాలేదు. థ్యెన్ అని రాసేశారు. ఇంద్రుడు, బ్రహ్మ, సరస్వతి, లక్ష్మి అందరి పేర్ల చివరా థ్యెన్ చేరింది. కానీ ఇందులో ఓ మెలిక ఉంది. బౌద్ధంలో దేవతలు చిరంజీవులు కారు. పుణ్యం అయిపోతే వాళ్లూ చచ్చి మళ్లీ పుట్టాల్సిందే. వాళ్ల లోకాలు ఒకటి కాదు, 28 అని చైనా బౌద్ధుల లెక్క. రాజులకు ఆజ్ఞలిచ్చిన ఏకైక థ్యెన్, అంతస్తులవారీ కాలనీ అయిపోయింది. అదే అక్షరం, గుడిని బట్టి వేరే అర్థం.

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కినవాళ్లకు ఆ బౌద్ధం ఎంత సముద్రపు బౌద్ధమో తెలుస్తుంది. రాతిలో తొలిచిన నీటి తొట్లు, విహారపు గదుల పునాదులు, కింద బంగాళాఖాతం. తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. పక్కనే బావికొండ, అటు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ. ఈ కొండల మీద భిక్షువులున్న శతాబ్దాల్లోనే అటు చైనాలో అనువాదాలు మొదలయ్యాయి. ఇక్కడి నుంచి ఫలానా గ్రంథం అక్కడికి వెళ్లిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. దేవ అనే మాట పడవలెక్కి, ఒంటెలెక్కి తిరిగిన ప్రపంచంలో ఈ తీరమూ ఒక భాగం.

చైనా నుంచి ఆ దేవతలు జపాన్ చేరారు. అక్కడ థ్యెన్ అక్షరాన్ని ‘టెన్’ అని పలుకుతారు. సరస్వతి బెంజాయ్‌టెన్ అయింది. వీణ స్థానంలో బీవా అనే వాద్యం, గుళ్లు ఎక్కువగా నీటి ఒడ్డున. లక్ష్మి కిచిజోటెన్. కుబేరుడు బిషామోన్‌టెన్, కవచం తొడుక్కున్న యోధుడు. మహాకాలుడు దాయ్‌కొకుటెన్ పేరుతో బియ్యం మూటల మీద నవ్వుతూ నిలబడతాడు. మన వినాయకుడు కాంగిటెన్. నాకు నచ్చినవాడు మాత్రం ఇదాటెన్. ఈయన మన స్కందుడు, కుమారస్వామి. ప్రతుల్లో పేరు చెదిరి ఇలా మిగిలింది. మహా వేగంగా పరిగెత్తేవాడని పేరు, అందుకే జపాన్‌లో వేగంగా పరిగెత్తేవాణ్ణి నేటికీ ఇదాటెన్‌తో పోలుస్తారు. జెన్ బౌద్ధుల ఆశ్రమాల్లో ఈయన విగ్రహం పెట్టేది ఎక్కడో తెలుసా? వంటింట్లో. భిక్షువులకు తిండికి లోటు రాకుండా చూసుకునే బాధ్యత ఆయనది. పళని కొండ మీద పండుకోసం అలిగిన పిల్లవాడికి చివరికి వంటశాల అప్పగించారు.

ఇప్పుడు వాట్సాప్ స్వర్గభూమి సంగతి. చైనావాళ్లు మన దేశాన్ని థ్యెన్‌జు అన్నమాట నిజం. అందులో మొదటి అక్షరం ఆకాశం అక్షరమే, అదీ నిజం. కానీ దాన్ని తీసుకున్నది అర్థం కోసం కాదు, శబ్దం కోసం. చైనా లిపిలో పరాయి పేరు రాయాలంటే దగ్గరగా వినిపించే అక్షరాలు ఏరుకోవాలి, వాటికి సొంత అర్థాలు ఉండనే ఉంటాయి. సింధు అనే పేరు ఇరాన్ భాషల్లో హిందు, హిందుక అయి, అక్కడి నుంచి చైనా చేరింది. అంతకుముందు షెన్‌దు అనీ రాశారు. హకారంతో మొదలయ్యే పేరుకి థకారపు అక్షరం ఎందుకు? దానికి చక్కటి సాక్ష్యం ఉంది. క్రీ.శ. 200 ప్రాంతపు ఓ చైనా నిఘంటువు, ఈ ఆకాశం మాటను తూర్పు జిల్లాలవాళ్లు నాలుక కొసతో తకారంలా, మధ్య ప్రాంతాలవాళ్లు నాలుక మధ్యతో హకారం వినిపించేలా పలుకుతారని రాసింది. యాసలో తేడా అన్నమాట. ఆ రెండో యాసలో చదివితే ఈ అక్షరం ‘హిన్’కి దగ్గరగా వస్తుంది. హిందుక అన్న పేరుకి అది సరిపోయింది. మనది స్వర్గమని కాదు, శ్రీకాకుళం మాట విజయవాడలో వేరుగా వినిపించే లాంటి మామూలు సంగతి.

ఈ గందరగోళం మీద ఆనాడే విసుక్కున్నది మనం పాఠాల్లో చదువుకున్న హ్యుయాన్‌త్సాంగే. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం దాకా వచ్చి వెళ్లిన ఆయన, తన యాత్రా గ్రంథంలో థ్యెన్‌జు అన్న పేరు మీద రకరకాల వాదాలున్నాయనీ, సరైన ఉచ్చారణ ప్రకారం ‘ఇన్‌దు’ అనాలనీ రాశాడు. పైగా ఇందు అంటే చంద్రుడని తన వంతు అర్థం జోడించాడు. చైనాలో నేటికీ భారతదేశం పేరు ఇన్‌దు.

ఇంకో థ్యెన్‌జు కూడా ఉంది. రెండో అక్షరం వేరు, రోమన్ లిపిలో మాత్రం ఒకేలా కనిపిస్తుంది. ఆ థ్యెన్‌జు అంటే ఆకాశ ప్రభువు, చైనా కాథలిక్కుల దేవుడు. 1601లో బీజింగ్ చేరిన, జెసూట్ అనే కాథలిక్ మతసంఘానికి చెందిన ఇటలీ మిషనరీ మత్తెయో రిచ్చి, చైనావాళ్ల పాత గ్రంథాల్లోని థ్యెన్, షాంగ్‌ది అనే మాటలూ తమ దేవుణ్ణే సూచిస్తాయని వాదించాడు. ఇతర సంఘాల మిషనరీలకు అది గిట్టలేదు. ఆకాశాన్ని పట్టుకుని దేవుడంటే ఎలా అన్నారు. తగవు రోము దాకా వెళ్లింది. 1715లో పోప్ ఆ రెండు మాటలూ వాడొద్దు, థ్యెన్‌జు ఒక్కటే వాడండి అని తేల్చి, పూర్వీకులకు చేసే కర్మకాండల్నీ నిషేధించాడు. చైనా భాష రాని దేశం నుంచి చైనా మాటకు అర్థం చెబుతున్నారని కాంగ్‌షీ చక్రవర్తి మండిపడి, మతప్రచారాన్ని ఆపించాడు. ఒక మాట తర్జుమా దగ్గర రెండు నాగరికతలు మొహాలు తిప్పుకున్నాయి.

మన ఊళ్లోనూ ఇలాంటి పనే జరిగింది, గొడవ మాత్రం లేదు. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్‌వాళ్లు క్రాన్, దే గ్రాంజ్ ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తల తర్జుమా మొదలుపెట్టారు. తెలుగు బైబిల్లో స్థిరపడ్డ మాట ‘దేవుడు’. స్వర్గం అనే మాట పెద్దగా ముట్టుకోకుండా ‘పరలోకం’ వాడారు. స్వర్గం అంటే మనకు ఇంద్రసభ గుర్తొస్తుంది కదా మరి.

మళ్లీ వంటింట్లోకి వద్దాం. త్యాఁకూ థ్యెన్‌కూ సంబంధం లేదన్నాను గానీ, థ్యెన్ అక్షరం వంటింట్లోకి వేరే గుమ్మంలోంచి దూరింది. జపాన్ తెంపురా తెలుసుగా, రొయ్యలో కూరగాయలో పల్చటి పిండిలో ముంచి వేయించేది. 16వ శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసువాళ్ల మాట నుంచి ఆ పేరు పుట్టిందంటారు. మసాలా చేర్చడం అనే మాటా, మాంసం మానే ఉపవాస దినాల పేరా అన్నది ఇంకా వాదంలో ఉంది. జపానువాళ్లు దాన్ని రాయడానికి మొదట పెట్టిన అక్షరం ఇదే, టెన్. ఇక్కడా శబ్దం కోసమే. తమాషా ఏమిటంటే, తర్వాత ఆ ఒక్క అక్షరమే తెంపురాకి పొట్టి పేరైపోయింది. అన్నం మీద తెంపురా పేర్చిన గిన్నె తెన్‌డోన్. అందులో టెన్ అంటే ఆకాశమూ కాదు, దేవుడూ కాదు, మన ఆర్కే బీచ్ బళ్ల మీద దొరికే బజ్జీకి సముద్రం అవతలి వరస.

ఇంకోటి మన పూర్ణా మార్కెట్ కిరాణా కొట్లలోనే ఉంది, చైనా గ్రాస్. పాలు, పంచదారతో కాచి ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టే తెల్లటి పోగులు. పేరులో ఉన్న రెండు మాటలూ తప్పే. అది గడ్డి కాదు, సముద్రపు నాచు నుంచి తీసిన అగర్. గ్రాసిలేరియా లాంటి అగర్ ఇచ్చే నాచులు మన తీరం రాళ్ల మీదా పెరుగుతాయి. ఆ నాచు జెల్లీని ఎండబెట్టి నిలవచేసే పద్ధతికి పేరుపడింది చైనా కాదు, జపాన్. అక్కడ దాని పేరు కాంటెన్. కాన్ అంటే చలి, టెన్ మన అక్షరమే. కలిపితే చలి ఆకాశం. చలికాలంలో ఆరుబయట పెడితే రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి నీరు కారిపోయి, కొన్నాళ్లకు తేలికైన పోగులు మిగులుతాయి. అంటే ఈ టెన్ వాతావరణం, థ్యెన్‌చీలో ఉన్నలాంటి మామూలు థ్యెన్. తెంపురాలో అక్షరం శబ్దానికి వచ్చింది, కాంటెన్‌లో అర్థానికి వచ్చింది. రెండూ ఒకే ప్లేటులో పెట్టొచ్చు గానీ ఒకే జాబితాలో రాయకూడదు.

చివరగా, ఈ విషయం కదిపినప్పుడల్లా తెలుగువాళ్లలో ఎవరో ఒకరు అడిగేది: చైనా భాషలో తీపిని కూడా థ్యెన్ అనే అంటారు కదా, మన తియ్యన అదే కాదా? మాండరిన్‌లో తీపి మాట థ్యెన్ అన్నది నిజం. కానీ స్వరం వేరు. ఆకాశానికి ఎత్తులో నిలిపి పలికితే, తీపికి ప్రశ్న అడిగినట్టు పైకి లేపాలి. అక్షరమూ వేరు, ఒక పక్క నాలుక బొమ్మ ఉంటుంది. అసలు తేడా వినాలంటే హాంకాంగ్ మనిషిని అడగాలి. పాత ఉచ్చారణను ఎక్కువగా కాపాడుకున్న కాంటనీస్‌లో ఆకాశం ‘థిన్’, తీపి ‘థిమ్’. ఒకప్పుడు అంతటా తీపి మాట మకారంతోనే ముగిసేది, మాండరిన్‌లో తర్వాత నకారమై ఆకాశంతో కలిసిపోయింది. మన తియ్యనలో చివరి ‘న’ అసలు మాటలోది కాదు. తీపి, తియ్య, తీయం అన్నిట్లో మిగిలేది ‘తీ’ ఒక్కటే, ‘న’ చల్లన, పచ్చనల్లో వచ్చే ప్రత్యయం. అటు మకారం అరిగి నకారమైంది, ఇటు ప్రత్యయం వచ్చి చేరింది. రెండు మాటలూ ఒకేలా వినిపించడం అలా కుదిరింది, అంతే.